ఓలి పోయి కట్నం వచ్చిన వైనం

సందేహం: మా మామ్మకు ఎనభై దాటాయి. "మాయమ్మని ఓలిచ్చి సేసుకున్నారమ్మా, అప్పుడు మొగోడే ఇచ్చీవోడు" అంటుంది. క్లాసులో నేను ఓలి అంటే 'ఎదురు కట్నం' అని చెప్తే తోటి మాస్టారు కాదన్నారు. అసలిది తెలుగు మాటేనా? ఇంకొకటి, 'వరకట్నం' దుష్టసమాసం కదా, పిల్లలతో రాయించవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

సమాధానం: తెలుగు మాటే, నిఘంటువులకెక్కిన మాటే. పెళ్లికూతురి కోసం మగపెళ్లివారు ఇచ్చే సొమ్ము ఓలి. 'ఓలి తక్కువని గుడ్డిదాన్ని చేసుకుంటే కుండలన్నీ పగిలాయట' అని మోటు సామెత ఒకటుంది. అందులోని వెక్కిరింత సంగతి అటుంచండి. ఓలికి బేరం ఉండేదనీ, ఇచ్చేది మగవాడేననీ ఆ ఒక్క ముక్కలో తెలిసిపోతోంది. వరుస అనే అర్థంలో ఇంకో 'ఓలి' ఉంది. దానికీ దీనికీ ముడిపెట్టకండి.

'ఎదురు కట్నం' అంటే అర్థం తప్పిపోదు గాని కాలం తలకిందులవుతుంది. మామ్మగారి అమ్మ పెళ్లినాటికి అది ఎదురు కాదు, అదే తిన్నని దారి. ఆడపిల్లవారు ఇవ్వడమే రివాజు అయ్యాక, పాత పద్ధతికి 'ఎదురు' అని విశేషణం తగిలించాల్సి వచ్చింది. మీ మాస్టారి అభ్యంతరం ఇదే అయితే ఆయన పక్షాన నేనూ ఉన్నాను.

ఓలికి సంస్కృతంలో శుల్కం. దాని వికృతే సుంకం, సంతలో బళ్లాపి వసూలు చేసే అదే సుంకం. 'కన్యాశుల్కం' అన్న పేరులోనే గురజాడ ఎంత చురక పెట్టారో చూడండి. ఆ నాటకం విజయనగరంలో 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలకు ఆనందగజపతి మహారాజు జాబితా తీయిస్తే 1,034 తేలాయని పీఠికలో ఉంది. వారిలో 99 మందికి అయిదేళ్లు. ఏడాది పిల్లలు ముగ్గురు, వెల 350 నుంచి 400 రూపాయలు. ఆ లెక్క ముందు 'ఆచారం' అన్న మాట నిలబడలేదు. 'పిల్లనమ్ముకున్నాడు' అన్న మాట నిలబడింది. నాటకం ఒక్కటే ఓలిని సాగనంపిందని నేననను, చదువులూ ఉద్యోగాలూ వచ్చి పెళ్లికొడుకు ధరే పెరిగింది. కానీ పక్కన 'అమ్మకం' వచ్చి కూర్చున్నాక శుల్కం అనే మాటకు పరువు పోయింది.

కట్నానికి ఆ బాధ లేదు. అది పుట్టుకతోనే మర్యాదస్తురాలు. పన్ను కడతాం, ఫీజు కడతాం అనేటప్పటి 'కట్టు'కు చుట్టంలాగే కనిపిస్తుంది. తమిళంలో రుసుమును ఇప్పటికీ 'కట్టణం' అంటారు. మనకు మాత్రం పెద్దలకు ఇచ్చే కానుక, గౌరవంగా చదివించేది అనే అర్థం స్థిరపడింది. పెళ్లిలో బంధువులు 'కట్నాలు చదివించడం' ఆ అర్థంలోదే. కొత్త పద్ధతి ఈ గౌరవం ముసుగులో వీధి గుమ్మంలోంచే వచ్చింది. ఓలిని ఈసడించినవాళ్లే దీనికి పీట వేశారు.

1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక కట్నానికీ ఓలి గతే పట్టింది. పట్టింది మాటకే సుమండీ. ఆ మధ్య విజయనగరంలో ఒక సంబంధం మాటలకు పెద్దమనిషిగా కూర్చోబెట్టారు నన్ను. పెళ్లికొడుకు మేనమామ కాఫీ గ్లాసు కిందపెట్టి, "కట్నం అన్న మాటే మా ఇంట్లో గిట్టదండీ" అన్నాడు. నాకు ముచ్చటేసింది. వెంటనే జేబులోంచి మడత కాగితం తీశాడు. పైన 'లాంఛనాలు' అని రాసుంది, కింద అంకెలు. సంస్కృతంలో లాంఛనమంటే గుర్తు, మచ్చ. చంద్రుడిలో కుందేలు మచ్చ ఉందని 'శశలాంఛనుడు' అన్నారు. ఆ కాగితం మీది మచ్చ ఆరంకెలది. కాగితాన్ని తిరిగి ఆయన చేతికిచ్చి, ఆ మాట అర్థం చెప్పాను. ఆ పెళ్లికి నన్ను పిలవలేదు.

ఇక సమాసం సంగతి. సంస్కృత 'వర' మీద తెలుగు 'కట్నం' అతకడం వ్యాకరణం ఒప్పుకోని పనే, వైరిసమాసమంటారు. వరుని కట్నం అనాలి, ఎవరూ అనరు. జిల్లాధికారి అని రోజూ రాస్తున్నాం, అందులో ఉర్దూ జిల్లా పక్కన సంస్కృత అధికారి కూర్చోలేదా? శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోరాడింది చదువుకున్నవాళ్ల నోట నలిగే మాటకు కాగితం మీద చోటివ్వమనే. నిరభ్యంతరంగా రాయించండి. 'వరశుల్కం' సాధువే, పరీక్షలో పిల్లవాడు రాస్తే మార్కు కొయ్యకండి.

బోర్డు మీద ఓలి, కట్నం, లాంఛనం పక్కపక్కన రాసి, ఎవరు ఎవరికిచ్చేదో బాణం గుర్తులు పెట్టించండి. మామ్మగారిని నా కోసం ఒక్క మాట అడగండి: ఆ ఓలి రొక్కమా, ఆవులా, ధాన్యమా? ఆవిడ ఏమంటే అది, ఆవిడ యాసలోనే, దిద్దకుండా రాసి పంపండి.