పినోకియోకి మీసకట్టు గీసే ముందు

చిరంజీవి మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పినోకియో కథని ఈడొచ్చిన పిల్లల కోసం బొమ్మల కథగా తిరగరాస్తూ నువ్వు పంపిన పేజీలు చూశాను. నీ గీతలో ఊపుంది, దాని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా కథ గురించే. ప్రాణమొచ్చిన చెక్కబొమ్మ పినోకియోని పదహారేళ్లవాణ్ణి చేశావు, చెక్క మొహానికి మీసకట్టు గీశావు, చేతిలో ఫోన్ పెట్టావు, ఓ ప్రేమకథ తగిలించావు. వాడికి వయసొచ్చింది గానీ కథకి రాలేదు.

నువ్వు తిరగరాస్తున్నది 1940 నాటి డిస్నీ సినిమాని. ముందు ఇటలీ రచయిత కార్లో కొల్లోడి రాసిన మూలకథ చదువు. 1881లో ఓ పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలైంది. పదిహేనో అధ్యాయంలో పినోకియోని చెట్టుకి ఉరితీసి, రచయిత అక్కడితో కథ ఆపేశాడు. పాఠకులు ఊరుకోకపోతే మళ్లీ ఎత్తుకున్నాడు. 1883లో పుస్తకమైంది. సినిమాలో బుద్ధులు చెబుతూ వెంట తిరిగే కీచురాయి ఉందే, మూలంలో దానికి పేరే లేదు. నాలుగో అధ్యాయంలోనే పినోకియో సుత్తి విసిరితే గోడకి అతుక్కుని చచ్చిపోతుంది. నువ్వు బయట్నుంచి చీకటి తెచ్చి పులమక్కర్లేదు, ఉన్నదాన్ని దాచకపోతే చాలు.

కొల్లోడి 1890లో పోయాడు, హక్కుల గడువు ఎప్పుడో తీరింది, మూలకథని ఎవరైనా వాడుకోవచ్చు. తెలుగులో చదివితే మాత్రం అనువాదకుల వాక్యాలు ఎత్తుకోకు. నువ్వు వేసిన తెల్ల గ్లవ్స్, నీలం బో టై సినిమావాళ్లవి, అవి తీసెయ్. అసలు కథలో వాణ్ణి చెక్కిన తండ్రి వాడికి పూల కాగితంతో బట్టలు, చెట్టు బెరడుతో బూట్లు, రొట్టె మెత్తతో టోపీ చేసిపెడతాడు. కొడుక్కి వాచకం కొనడానికి తన కోటు అమ్ముకుని, మంచు కురుస్తుంటే చొక్కాతో ఇంటికొస్తాడు. ఇవి ఒక్క మాట లేకుండా గీయొచ్చు. నీ పేజీలో ఏముంది? ‘వాళ్లు చాలా పేదవాళ్లు’ అని ఓ డబ్బాలో రాశావు! ఇంకోచోట ‘వాడికి భయం వేసింది’ అని రాసి, పక్కనే భయపడ్డ మొహం గీశావు. రెండిట్లో ఒకటి ఉంచు. నన్నడిగితే మొహం.

ఈడొచ్చిన పిల్లల కథ ఎక్కడుందంటావేమో. గాడిదల ఘట్టం చదువు. బడి లేని దేశంలో కొన్నాళ్లు తిరిగాక ఒక పొద్దున పినోకియోకి గాడిద చెవులు మొలుస్తాయి. సిగ్గుతో టోపీ లాక్కుని స్నేహితుడింటికి వెళ్తే వాడూ చెవుల దాకా టోపీ లాక్కునే ఉంటాడు. ఇద్దరూ కాసేపు కబుర్లతో నెట్టుకొచ్చి, చివరికి ఒక్కసారే టోపీలు తీస్తారు. పడీపడీ నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ ఓండ్ర పెడతారు. తన ఒళ్లు తనకే కొత్తగా, ఎవరికీ చూపించలేనట్టుగా అయ్యే వయసుకి ఇంతకంటే మంచి సన్నివేశం నువ్వు కొత్తగా కల్పించలేవు. దీన్ని కథలో రెండు పేజీల్లో దాటేస్తే ఒప్పుకోను, పది పేజీలు తీసుకో. టోపీల మీద చేతులు వేసిన ప్యానెల్, అంటే ఆ బొమ్మ గడి, కుడి పేజీ అడుగున రావాలి, పేజీ తిప్పితేనే చెవులు కనబడాలి. నవ్వు అక్షరాలు మాటల బెలూన్‌లో మొదలై, దాన్ని చీల్చుకుని, ఓండ్రగా పేజీ అంతా పరుచుకోనీ.

ఇంకోటి చివరి పేజీ. నిజం పిల్లాడైన పినోకియో, కుర్చీకి ఆనించి ఉన్న తన పాత చెక్కబొమ్మని చూస్తాడు. తల పక్కకి వాలి ఉంటుంది, చేతులు వేలాడుతుంటాయి. బొమ్మగా ఉన్నప్పుడు ఎంత నవ్వొచ్చేలా ఉన్నానో అనుకుని సంతోషపడతాడు. చిన్నపిల్లలకి అక్కడ హాయి. పదహారేళ్ల పాఠకురాలు మాత్రం ఆ కుర్చీ దగ్గర ఆగిపోతుంది. మంచి పిల్లాడనిపించుకోవడానికి అక్కడ వదిలేసినవాడు ఎవడు? నీ పుస్తకాన్ని ఆ ప్యానెల్ నుంచి వెనక్కి కట్టుకుంటూ రా. నీ ప్రేమకథ ఆ ప్రశ్నని పదునెక్కిస్తే ఉంచు, లేకపోతే ఆ అమ్మాయిని వేరే పుస్తకానికి దాచుకో.

అక్షరాల మాట కూడా చెప్పాలి. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషు కామిక్స్ చూసి బెలూన్ కొలతలు తీసుకుంటే లైన్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అందుకని బెలూన్లు మొదటి చిత్తులోనే వేసుకో, మూడు లైన్లు దాటితే మాట తగ్గించు.

ముందు ఆ టోపీల ఘట్టం ఒక్కటే, చిన్న చిన్న గళ్లలో, పెన్సిల్‌తో, మాటలు లేకుండా వేసి పంపు. రంగులు వెయ్యకు. రంగులేసిన పేజీ కొట్టెయ్యమంటే నీకు ప్రాణం ఒప్పదు, నాకూ నోరు రాదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ