పాస్టరు గారి కోసం ఎవరు మోకరిస్తున్నారు?

ప్రశ్న: మా పాస్టరు గారు రెండు నెలలుగా మునుపటిలా లేరు. ప్రసంగం చూసి చదివినట్టు ఉంటోంది. మోకరిస్తే మాట రావడం లేదని పాస్టరమ్మ గారితో అన్నారట. శుక్రవారం ఉపవాస కూటంలో ఈ సంగతి చెప్పి అందరిచేతా ప్రార్థన చేయిద్దామనుకుంటున్నాను. చేయవచ్చా?
– ఒక సోదరి, కోసిగి, కర్నూలు జిల్లా

జవాబు: కూటంలో చెప్పకండమ్మా. అది ఆయన ఇంట్లో నమ్మకంగా చెప్పుకున్న మాట. మధ్యాహ్నం ప్రార్థన విన్నపంగా మొదలైంది సాయంత్రానికి పక్క ఊళ్లో "అయ్యగారు విశ్వాసంలో పడిపోయారట" అని తేలుతుంది. అది చెవిన పడితే ఆయన ఇక ఎవరికీ ఏమీ చెప్పుకోరు.

గుట్టు దాచగలవాళ్లు ముగ్గురు చాలు. శనివారం రాత్రి కూర్చోండి. మర్నాటి వాక్యం బరువు ఆయన మీద ఉండేది అప్పుడే. 15 నిమిషాలు మించొద్దు. నలభై రోజుల గొలుసు ప్రార్థన అని పెద్దగా మొదలుపెడితే మొదటి వారానికే పేర్లు రాలిపోతాయి. పావుగంటైతే పొలం పనుల రోజుల్లోనూ నిలుస్తుంది.

ఏమని ప్రార్థించాలంటే, పౌలు తన కోసం అడిగినవే అడగండి. సంకెళ్లలో ఉండి కూడా ఎఫెసీ 6:19లో ఆయన విడుదల అడగలేదు. నోరు తెరిచినప్పుడు మాట దొరకాలని, ధైర్యంగా చెప్పగలగాలని అడిగాడు. మీ పాస్టరు గారికి ఇప్పుడు కొరవడింది అదే. రోమా 15:31లో తన సేవ పరిశుద్ధులకు అంగీకారం కావాలని ప్రార్థించమన్నాడు. అపొస్తలుడికే ఆ దిగులుంటే మీ ఊరి కాపరికి ఉండదా? ఇక లూకా 22:32. పేతురు నమ్మిక తప్పిపోకూడదని యేసు వేడుకున్నది, అతను ఆయన్ను ఎరుగనని బొంకక ముందే.

ఆయన వింటుండగా "ప్రభువా, నీ దాసునిలో మొదటి ప్రేమ రగిలించు" అని గట్టిగా ప్రార్థించకండి. ఆ మాట దేవుడి కంటే ముందు ఆయనకు తగులుతుంది, గాయం చేస్తుంది. "అయ్యగారూ, శనివారం ఎనిమిదికి మీ కోసం మోకరిస్తున్నాం, ప్రత్యేకంగా ఏదైనా ఉంటే చెప్పండి" అనండి, చాలు. చెప్పకపోతే తరచి అడగొద్దు.

1 రాజులు 19 కూడా తీసి చదవండి. కర్మెలు కొండ మీద అగ్ని దిగిన తర్వాతే ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పము, బుడ్డి నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు, రెండోసారీ లేపి తినమన్నాడు. దేవుని మాట ఆ తర్వాత హోరేబు కొండ దగ్గర వినిపించింది, తోడుగా ఎలీషా ఆ పైన దొరికాడు. మీరూ ఈ వరుసే పట్టుకోండి. మీ వైపు కుటుంబాలు సుగ్గికని, అంటే వలస కూలికి, గుంటూరు మిరపకోతలకు కదిలాక గుడిలో చాపలు ఖాళీ, కానుకలూ అంతంతే. ఈస్టరు ముందరి శ్రమ దినాల కూటాలన్నీ ఆయన ఒక్కరి మీదే పడతాయి. అలాంటప్పుడు మనసు ఎండిపోవడంలో వింత లేదు. ముగ్గురూ కలిసి నెలకు 25 కిలోల బియ్యం, రెండు నూనె ప్యాకెట్లు ఎవరికీ చెప్పకుండా ఇంటికి చేర్చండి. వారానికో కూటం సంఘ పెద్ద ఎవరైనా నడిపితే ఆ రాత్రి ఆయనకు విశ్రాంతి.

నిద్ర, ఆకలి లేక రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. చావు మాట వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఆయన్ను ఒంటరిగా వదలొద్దు. అది ప్రార్థన లోపం కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికైతే తోడు వెళ్లండి.

ప్రశ్న: కానుకల లెక్క తేలడం లేదు. అడిగితే పాస్టరు గారు "అభిషిక్తుని ముట్టకూడదు, ప్రార్థన చేసుకోండి" అంటున్నారు. ఊరుకోవాలా?
– ఒక సంఘ పెద్ద, ప్రొద్దుటూరు

జవాబు: ఊరుకోవద్దు. ఆయన చెబుతున్నది కీర్తన 105:15. అది పరదేశులుగా తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు రాజులు హాని చేయకూడదని చెప్పిన మాట. లెక్క అడగొద్దనే అర్థం అందులో లేదు. యెరూషలేముకు చందా తీసుకెళ్లేటప్పుడు ఎవరూ తప్పుపట్టకూడదని పౌలే తనతో మరికొందరిని ఉంచుకున్నాడు (2 కొరింథీ 8:19-21). ఆరాధన అయిన వెంటనే ఇద్దరు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఆరోపణ అంటూ ఉంటే 1 తిమోతి 5:19 ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలి, గుసగుసలు చాలవు. ఆయన కోసం ప్రార్థన ఆపకండి, లెక్కా ఆపకండి.

ప్రశ్న: పాస్టరమ్మ గారి కోసం విడిగా ప్రార్థించాలా?
– తాడిపత్రి

జవాబు: తప్పకుండా, పేరు పెట్టి. ఆయన బరువు దించుకునేది ఆమె దగ్గర, ఆమెకు మాత్రం సంఘంలో చెప్పుకునే మనిషి ఉండరు. కూటం అయ్యాక వంటపాత్రలు కడిగేటప్పుడు పక్కన నిలబడి అడగండి, చెబుతారు.