పాత కెర్నెల్, కొత్త లైబ్రరీ: ఆ తనిఖీని తీసేయకండి

ప్రశ్న: అద్దెకు తీసుకున్న ఓపెన్‌వీజెడ్ వీపీఎస్ (ఒకే యంత్రాన్ని, దాని కెర్నెల్‌ను పలువురికి పంచి ఇచ్చే వర్చువల్ సర్వర్) మీద ఉబుంటు లినక్స్ 16.04 నడుస్తోంది. 18.04కి మార్చబోతే ‘ఈ జీలిబ్‌సీకి 3.2 లేదా ఆపై కెర్నెల్ కావాలి’ అంటూ మధ్యలో ఆగిపోయింది. ఆ తనిఖీ చేసే స్క్రిప్టును సవరిస్తే పని జరుగుతుందని ఒకరు చెప్పారు. చేయవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, జీలిబ్‌సీ అంటే దాదాపు ప్రోగ్రాములన్నీ ఆధారపడే లైబ్రరీ. మీ సర్వర్‌ను ఇప్పటిదాకా కాపాడింది ఆ తనిఖీయే. ‘యూనేమ్ -ఆర్’ కమాండ్ ఇచ్చి చూడండి. 2.6.32తో మొదలయ్యే సంఖ్య కనిపిస్తే మీది ఓపెన్‌వీజెడ్ 6 నాటి కెర్నెల్. 18.04లోని జీలిబ్‌సీ 2.27కి అది చాలదు. స్క్రిప్టును ఏమార్చితే ఇన్‌స్టాలేషన్ ముందుకు సాగుతుంది గానీ, ఆ తర్వాత ఫైళ్లను చూపే ఎల్‌ఎస్ కమాండ్ ఇచ్చినా, కాపీ చేసే సీపీ ఇచ్చినా ‘ఫేటల్: కెర్నెల్ టూ ఓల్డ్’ అన్న ఒక్క వరుసే వస్తుంది. కనీస కెర్నెల్ సంఖ్య లైబ్రరీలోనే నమోదై ఉంటుంది, ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ లోడర్ (ప్రోగ్రామ్‌ను, దాని లైబ్రరీలను మెమరీలోకి తెచ్చే భాగం) దాన్ని సరిచూస్తుంది. అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే మార్గం) విండో మూసేశారంటే మళ్లీ లోపలికి వెళ్లడానికి షెల్ కూడా తెరుచుకోదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, పాత కెర్నెల్‌లో లేని కొత్త సిస్టమ్ కాల్స్‌కు (ప్రోగ్రాములు కెర్నెల్‌ను పని అడిగే పిలుపులు) బదులుగా పాత పద్ధతులను కూడా జీలిబ్‌సీ తనతో మోసుకుంటూ రావాలి. ఆ భారం ఎల్లకాలం మోయలేరు. 2017 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.26తో ఎక్స్86 యంత్రాల్లోనూ 3.2 కంటే పాత కెర్నెళ్లను వదిలేశారు. పాత లైబ్రరీ కొత్త కెర్నెల్ మీద మాత్రం చక్కగా నడుస్తుంది. ఉన్న ప్రోగ్రాములు చెడకూడదన్నది లినక్స్ కెర్నెల్ బృందం గట్టిగా పట్టుకున్న నియమం. అందుకే ఎప్పుడైనా ముందు కెర్నెల్, తర్వాతే లైబ్రరీ.

మీ విషయంలో అసలు చిక్కు ఏమిటంటే, ఓపెన్‌వీజెడ్‌లో కెర్నెల్ మీ చేతిలో ఉండదు. అది కంపెనీ యంత్రానిది. కొత్త కెర్నెల్ ప్యాకేజీ వేసుకున్నా బూట్ అయ్యేది అది కాదు. డేటాబేస్, వెబ్ ఫైళ్లు ఈ రోజే బ్యాకప్ తీసి, కేవీఎం వీపీఎస్ (పూర్తి వర్చువల్ యంత్రం) అడగండి. అందులో కెర్నెల్ మీదే. 18.04కి సాధారణ మద్దతు 2023లోనే ముగిసింది కాబట్టి అంతకన్నా కొత్త వెర్షన్‌నే వేసుకోండి.

ప్రశ్న: సెంట్‌ఓఎస్ 7 లినక్స్‌లో నోడ్ 18 (జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్) వేస్తే ‘జీలిబ్‌సీ 2.28 నాట్ ఫౌండ్’ అంటోంది. వేరే యంత్రం నుంచి ఆ లైబ్రరీ ఫైలు కాపీ చేసుకోవచ్చా?

జవాబు: వద్దు. లోడర్, లైబ్రరీ ఒకే వెర్షన్‌వి కాకపోతే యంత్రం మొత్తం మొరాయిస్తుంది. ఇక్కడ పాతబడింది లైబ్రరీ (2.17). మీ 3.10 కెర్నెల్ 3.2 గీత దాటినదే కాబట్టి నోడ్‌ను కంటైనర్‌లో (తన లైబ్రరీలను తనతోనే తెచ్చుకుని, మీ కెర్నెల్ మీదే నడిచే పెట్టె) నడపవచ్చు. కంటైనర్లను నడిపే డాకర్ 20.10.10 కంటే పాతదైతే ముందు దాన్ని మార్చండి. ఆ పాత డాకర్లు క్లోన్3 అనే కొత్త సిస్టమ్ కాల్‌కు ‘లేదు’ అనాల్సిన చోట ‘అనుమతి లేదు’ అంటాయి. దాంతో జీలిబ్‌సీ 2.34, ఆ తర్వాతి వెర్షన్లు పాత పద్ధతికి మళ్లకుండా ఆగిపోతాయి. సెంట్‌ఓఎస్ 7కి మద్దతు 2024 జూన్ 30న ముగిసింది. వీలు చూసుకుని ఆల్మాలినక్స్ లేదా రాకీ లినక్స్‌కు మారండి. వాటి 8వ వెర్షన్‌లోనే 2.28 ఉంది.