కర్త లేని వాక్యాలు

మిత్రులకు,

నమస్కారం. ప్రభుత్వాల మీడియా విధానాలపై మీరు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. అయితే మూడో పేజీలో "పత్రికలు నియంత్రించబడుతున్నాయి" అన్న వాక్యం దగ్గర ఆగి, "ఎవరిచేత? దేనితో?" అని అంచున రాసుకున్నాను. చివరికొచ్చేసరికి అలాంటి 'బడు'లు 17 తేలాయి. ఒట్టి వ్యాకరణం గొడవే అయితే ఊరుకునేవాణ్ణి. ఆ 'బడు' చాటున కర్త హాయిగా తప్పించుకుపోతున్నాడు.

విధానమంటే మీకు నిషేధపు ఉత్తర్వులే కనిపించాయి. నిషేధం పదిమంది కంట పడుతుంది, అందుకే ప్రభుత్వాలు పన్ను, తపాలా, కాగితం, లైసెన్సు, ప్రకటనల వంటి చప్పుడు చెయ్యని పనిముట్లను ఎక్కువగా వాడతాయి. బ్రిటన్ 1712లో పత్రికల మీద స్టాంపు సుంకం వేసింది. 1815 నాటికి అది ప్రతికి నాలుగు పెన్నీలైంది. ఖజానాకు డబ్బు కావాలన్నది నిజమే కాని, కూలివాడి చేతికి పత్రిక అందకూడదన్న కోరికా అందులో ఉంది. వాక్యాల జోలికి పోకుండా పాఠకుణ్ణే కొట్టేశారన్నమాట. ఆ సుంకం పోవడానికి 1855 దాకా పట్టింది. అమెరికా 1792లో ఎదురు దారి పట్టి, వంద మైళ్ళ లోపు పత్రికను ఒక్క సెంటుకే చేరవేసే తపాలా చట్టం చేసింది. అంత విశాలమైన కొత్త దేశాన్ని ఒక్కటిగా నిలపాలంటే వార్తలు తిరగడం ఆ పాలకులకు అవసరం. మీరు అన్నింటికీ వాడిన "అణచివేత" అన్న మాటలో ఈ రెండోది ఇమడదు.

మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం 1878లో చేసిన దేశభాషా పత్రికల చట్టాన్ని మీరు ఒక్క వాక్యంతో దాటేశారు. దాని కింద మేజిస్ట్రేటు ముద్రాపకుడిచేత పూచీపత్రం రాయించుకోవచ్చు, ధరావతు కట్టించుకోవచ్చు, అచ్చుయంత్రాన్ని జప్తు చేయించవచ్చు. ఇంగ్లీషు పత్రికలకు మాత్రం ఈ బెడద లేదు. అందుకే అమృత బజార్ పత్రిక బెంగాలీ విడిచి ఇంగ్లీషులోకి మారిపోయింది. దొరలు ఏ పాఠకులకు జడిశారో ఆ మినహాయింపే చెబుతుంది.

ఎవరిచేత, దేనితో అని అడిగే ఈ పట్టుదల నాకు గ్రంథాలయంలో అబ్బింది కాదు. దినపత్రికలకు పది పేజీల పరిమితి విధించిన విధానాన్ని 1972లో సుప్రీంకోర్టు కొట్టేసినా, దిగుమతి కాగితానికి కోటా మాత్రం ఉండిపోయింది. ఆ రోజుల్లో నేనొక చిన్న పత్రికలో ఉప సంపాదకుణ్ణి. కోటా ఆలస్యమైన వారం మిగిలిన రీములు లెక్కపెట్టుకుని, అక్షరం సైజు తగ్గించి, అదీ చాలక నా వ్యాసాన్ని నేనే సగానికి కోసుకున్నాను. ఫలానాది రాయవద్దని మాకెవరూ చెప్పలేదు. ఈ సంగతే రాసి పట్టుకెళితే ఒక వారపత్రిక సంపాదకుడు, "రీముల లెక్కలెవరు చదువుతారండీ, స్వేచ్ఛకు సంకెళ్ళని ఆవేశంగా ఏదైనా రాసుకురండి" అని తిప్పి పంపాడు. ఆయన పోయి చాలా కాలమైంది కాని ఆ సంకెళ్ళు మీ శీర్షికలోనూ గలగలమన్నాయి.

రేడియో భాగం మళ్ళీ రాయండి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు మాట్లాడితే శ్రోతకు ఏదీ దక్కదు కనుక, పంచిపెట్టడానికి ఎవరో ఒకరు ఉండక తప్పదు. 1927లో అమెరికా ఆ పనికి రేడియో కమిషన్ వేసి ప్రైవేటు స్టేషన్లకు లైసెన్సులిప్పించింది. అదే ఏడు బ్రిటన్ రాజశాసనంతో బీబీసీని ప్రజాసంస్థగా నిలబెట్టింది. పంచే చెయ్యి బిగబట్టనూగలదు కనుక లైసెన్సు గడువెంత, పొడిగించేదెవరు, వారిని నియమించేదీ తొలగించేదీ ఎవరు అని అడగండి. ప్రభుత్వ ప్రకటనలను సర్క్యులేషన్ లెక్కన పంచుతున్నారో, అలిగినప్పుడు ఆపేస్తున్నారో కూడా చూడండి.

ఇంటర్నెట్ గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ మీరు అడిగినవాటికి ఇప్పుడు జవాబు చెప్పను. ముందు ఆ 17 వాక్యాలకు కర్తలను వెతకండి. దొరకనివాటిని కొట్టేసి, మిగిలింది నాకు పంపండి.