లూప్ బదులు పైప్ ఎందుకు వాడుతనంటే

"ఫర్ లూప్ వస్తే సరిపోదా, ఈ మ్యాప్, ఫిల్టర్, పైప్ గుర్తులు నేర్చుకునుడు అవసరమా" అని కొందరు అడిగిన్రు. ఫర్ లూప్ అంటే ఒకే పనిని ఒక్కొక్కదాని మీద మళ్ల మళ్ల చేపిచ్చుడు. మ్యాప్ అంటే లిస్టుల ఉన్న అన్నిటి మీద ఒక పని నడిపిచ్చుడు, ఫిల్టర్ అంటే కావాల్సినయే ఏరుకునుడు, పైప్ అంటే ఒక పనిల వచ్చినదాన్ని తర్వాతి పనికి అందిచ్చే గుర్తు. అవసరమే. నన్నడిగితే లూప్ కంటే ముందు ఇవే నేర్పాలె.

మాది మిర్యాలగూడ. మా బావకు రైస్ మిల్లు ఉంది, వానాకాలం వడ్లు దిగే టైంల రోజువారి లెక్క కోసం ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషల ఒక ప్రోగ్రామ్ రాసిచ్చిన. రోజుకొక లూప్, దాని లోపల బండికొక లూప్, తేమ 17 శాతం దాటిన బండి పక్కకు, మిగిలిన తూకాలు కూడుడు. మూడు వారాలు మంచిగనే నడిచింది. ఒకనాడు ముసురు పట్టి ఒక్క బండి గూడ రాలే, ఆ రాత్రి రిపోర్టు సగంల ఆగింది, బావ ఫోన్ల మీద ఫోన్లు, నేను హైదరాబాద్ల రూంల కూసొని రాత్రి రెండింటిదాక వెతికిన. సంగతేందంటే ఆర్ల 1 నుంచి బండ్ల సంఖ్య దాక అని రాస్తే, బండ్లు సున్నా అయిన రోజు లూప్ ఊకోదు, 1, 0 అని ఎనకకు లెక్కపెట్టుకుంట తిరగబోతది. లేని బండి తేమ 17 దాటిందా అని చూస్తే ఏం తేలుతది? ఆడనే ఆగింది.

తెల్లారి ఆ లూపులన్నీ పీకేసిన. బండ్ల పట్టిక, పైప్, తేమ ఫిల్టర్, పైప్, తూకాల మొత్తం. బండ్లు లేకుంటే మొత్తం సున్నా వస్తది, దానికోసం ఒక్క ఇఫ్ (ఇట్లయితే గిట్ల చెయ్యి అనే షరతు) గూడ రాయలే.

అసలు పైప్ మన తెలుగోళ్లకే బాగ అతుకుతది. ఫంక్షన్ అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, పైప్ లేకుంట ఫంక్షన్ల ఫంక్షన్ పెడితే లోపలికెల్లి బయటికి చదవాలె, ఆఖరుకు చేసే పని ముందు కనబడుతది. మనం గట్ల మాట్లాడం కదా, వడ్లు తెచ్చి, ఎండబోసి, తూర్పారబట్టి, కాంటా పెట్టినం అంటం. వస్తువు ముందు, పనులు ఎనక వరుసగ. పైప్ అచ్చం గదే. ఆర్ల 2021ల 4.1 వెర్షన్ వచ్చేదాక ఇది భాషలనే లేకుండె, వేరే ప్యాకేజీ (బయటికెల్లి తెచ్చుకునే ఫంక్షన్ల మూట) ఏసుకొని పర్సెంట్ గుర్తుల నడుమ రాసేటోళ్లం. ప్లస్ గుర్తు గూడ ఆర్ల ఒక ఫంక్షనే, రిడ్యూస్ (లిస్టునంత కలిపి ఒక్కటి చేసే ఫంక్షన్) చేతికిస్తే లిస్టంత కూడుకుంట పోతది. ఇది తెలిసిన రోజు మస్తు సంబురమైంది నాకు.

అమీర్‌పేటల నేను చేరిన ఇన్‌స్టిట్యూట్ల ఇవేం చెప్పలే, నెలరోజులు లూప్ల లూప్ పెట్టి చుక్కల పిరమిడ్లే గీపిచ్చిన్రు. నౌకరిల ఒక్కనాడు గూడ ఎవలూ పిరమిడ్ అడగలే, ఫీజు కట్టిన పిల్లలకు ఇది అన్యాయం.

లూప్ మొత్తానికే వద్దంటలేను. కాంటా మీదికి బండి ఎక్కినంక రీడింగ్ జరసేపు ఊగుతది, అది నిలబడేదాక మళ్ల మళ్ల చదవాలె. ఆడ వైల్ లూపే పెట్టిన, ఇప్పటికీ అదే నడుస్తుంది.