గంధం, నిమ్మ, వట్టివేరు షేవింగ్ సబ్బుల్లో దేని వాసన మేలు, దేని నురగ నిలుస్తుంది?

మూడు సబ్బులు కొన్నానన్నారు, మూడింటి వాసనా రాశారు, బ్రష్ ఏదో కూడా రాశారు. ఏ నీళ్లతో గీసుకుంటున్నారో మాత్రం రాయలేదు. మీ ఊరు కావలి అన్నారు కాబట్టే అడుగుతున్నా. బోరా, కుళాయా?

మీ ఇబ్బంది నాకు అర్థమైనంతవరకు ఇదీ: గంధం సబ్బు నురగ సగం గడ్డం అయ్యేసరికి ఆరిపోతోంది. నిమ్మది మూత తీస్తే గదంతా ఘుమఘుమ, మొహానికి పూస్తే ఏమీ లేదు. వట్టివేరుది నురగ బాగుంది గానీ తడిమట్టి వాసనేదో కొడుతోంది. మూడూ చేత్తో చేసినవే, ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నారు.

నాది నెల్లూరు. ఏడేళ్ల నుంచి ట్యూబు క్రీము మానేసి డబ్బా సబ్బు, బ్రష్‌తోనే గీసుకుంటున్నా. మధ్యలో రెండేళ్లు ఉద్యోగం కనిగిరిలో. నురగ సంగతి నాకు తెలిసొచ్చింది అక్కడే.

నెల్లూరు నుంచి పట్టుకెళ్లిన సబ్బు అదే, పంది వెంట్రుకల బ్రష్ అదే, తిప్పే చెయ్యీ అదే. ఇక్కడ మా వీధి కుళాయికి వచ్చే పెన్న నీళ్లతో గడ్డపెరుగులా లేచిన నురగ, అక్కడ బట్టలుతికిన బకెట్‌లో తేలే బుడగల్లాగా అయిపోయింది. రెండో చెంపకు వచ్చేసరికి తడి కూడా మిగల్లేదు. సబ్బు పాడైందనుకుని ఇంకోటి తెప్పించా. అదీ అంతే. చేసినాయనకు ఫోన్ చేసి నాలుగు మాటలు అన్నాను కూడా, పాపం. చివరికి అసలు సంగతి మా ఇంటి ఓనరమ్మ చెప్పింది: "ఆ బోరు నీళ్లకు కందిపప్పే ఉడకదు నాయనా, నీ సబ్బేం నురుగుతుంది?"

ఆ సాయంత్రమే వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన తాగే నీళ్ల క్యాన్‌లోంచి ఒక గ్లాసు వంచుకుని గీసుకున్నా. నెల్లూరు నురగ తిరిగొచ్చింది. మర్నాడు ఫోన్ చేసి ఆయనకు క్షమాపణ చెప్పా.

జరిగేది చిన్న విషయమే. సబ్బంటే కొవ్వూ క్షారమూ కలిసి తయారైన లవణం. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే ముందు అవి సబ్బును పట్టుకుంటాయి. అట్టా పట్టుకున్నది కరగదు, తెల్లటి తెట్టెలా బ్రష్ మొదట్లో, గిన్నె అంచుల్లో అతుక్కుంటుంది. అవి తినగా మిగిలిందే మీ నురగ. ప్రకాశం పడమటి వైపు అనగానే అందరూ ఫ్లోరైడ్ మాటే ఎత్తుతారు. అది పళ్లకూ ఎముకలకూ చేటు గానీ నురగకు అడ్డం అది కాదు. మీ ఇంట్లో హీటర్ రాడ్డు మీద తెల్లటి పెచ్చు కడుతోందా చూడండి. కడుతోందంటే మీ గంధం సబ్బు మీద తీర్పు అప్పుడే చెప్పొద్దు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ఒక మంచి సబ్బు డబ్బా వెనక సిట్రిక్ యాసిడ్ అని చదివా. అది ఇట్టాంటి బోరు నీళ్లలోనూ నురగ నిలవడానికి వేస్తారని తెలిసింది. మన వైపు గూడూరు నిమ్మకాయలకు కొదవా? ఒక చెక్క మగ్గులో పిండి బ్రష్ ముంచి తిప్పా. పాలు విరిగినట్టు విరిగిపోయింది, మొహం నిండా జిడ్డు ముద్దలు. పులుపు తగిలితే సబ్బు మళ్లీ కొవ్వుగా మారిపోతుందన్న మాట. తయారుచేసేవాళ్లు ఆ యాసిడ్‌కు సరిపడా క్షారం అదనంగా వేసి సిట్రేట్‌గా మారుస్తారు, కాల్షియాన్ని పట్టి ఉంచేది ఆ సిట్రేట్. మీరు మాత్రం నిమ్మకాయ పులిహోరకే ఉంచండి.

నీళ్ల తర్వాత చూడాల్సింది డబ్బా వెనక. మొదటి రెండు మూడు పేర్లలో స్టియరిక్ యాసిడ్ (కొవ్వు నుంచి వచ్చేది), పొటాషియం హైడ్రాక్సైడ్ (క్షారం) కనిపిస్తే అది గడ్డం కోసం చేసిన సబ్బు. స్టియరిక్ వల్ల నురగ చిక్కగా, సన్నటి బుడగలతో నిలబడుతుంది. పొటాషియం వల్ల సబ్బు మెత్తగా ఉండి బ్రష్‌కు తొందరగా ఎక్కుతుంది. కొబ్బరి నూనె కొంచెం ఉండాలి, నురగ చకచకా లేచేది దానివల్లే. ఎక్కువైతే పెద్ద పెద్ద బుడగలు లేచి గభాలున కూలిపోతాయి, చర్మం కూడా బిగుసుకుపోతుంది. చేత్తో చేసినవని అమ్మేవాటిలో కొన్ని రెడీమేడ్ గ్లిజరిన్ ముద్దను కరిగించి, రంగూ వాసనా కలిపి అచ్చులో పోసినవి ఉంటాయి. అద్దంలా మెరుస్తూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. ఒంటికి రుద్దుకోడానికి వాటికి వంకేం లేదు. గడ్డానికి మాత్రం నాకు ఎప్పుడూ కలిసిరాలేదు. మీ నిమ్మ సబ్బు ఆకుపచ్చగా, అవతలిది కనిపించేట్టుగా ఉందన్నారు కదా, నాకు అనుమానం దాని మీదే.

ఇంట్లో శాకాహారం పట్టింపు ఉంటే విదేశీ సబ్బుల్లో టాలో అన్న మాట ఉందేమో చూసుకోండి. అది పశువుల కొవ్వు. మిలాన్‌లో 1899 నాటి నుంచి ఉన్న చెల్లా సబ్బుకు బాదం వాసన, నురగ మీగడే, కానీ దాని పాతకాలపు రకంలో టాలో ఉంటుంది. ఒక స్నేహితుడు తెచ్చిస్తే వాడాను. అది తెలిశాక మా అమ్మ ఆ డబ్బాను దేవుడి గది ఉన్న వైపు గోడకు కూడా ఆనించనివ్వలేదు.

ఇక వాసన. డబ్బాలో వాసన వేరు, నురగలో వాసన వేరు. కొట్లో మూత తీసి ముక్కు పెట్టి కొనేవాడు మోసపోయేది ఇక్కడే.

నిమ్మతొక్క నూనె తేలిక సరుకు. ముందు లేచేదీ అదే, ముందు పోయేదీ అదే. రోహిణి కార్తె ఎండల్లో బాత్రూం అలమరలో పెట్టిన నిమ్మ సబ్బు వానలు పడేనాటికి ఉత్త సబ్బుగా మిగిలింది నా దగ్గర. నిమ్మ వాసనే కావాలనుకుంటే నిమ్మగడ్డి నూనె వేసినది చూడండి, కాస్త ఘాటెక్కువ గానీ కొన్ని నెలలు నిలుస్తుంది.

గంధం దగ్గర లెక్క వేసుకోవాలి. అసలైన గంధం నూనె కిలో లక్ష రూపాయలు దాటిన సరుకు, అంటే గ్రాము 100 పైనే. 100 గ్రాముల సబ్బులో 2 శాతం వేసినా 2 గ్రాములు, 200 రూపాయలు దానికే పోతాయి. మీరు మొత్తం సబ్బు 250కి కొన్నానంటున్నారు. కాబట్టి అందులో ఉన్నది గంధం లాంటి వాసన, అంతే. అదేం నేరం కాదు, బాగుంటే వాడుకోవచ్చు. సాన మీద అరగదీసిన గంధానికి పాలమీగడ లాంటి మెత్తదనం ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం ఈ ధరలో వెతక్కండి. ఇంకో మాట. ఎర్రచందనం బొమ్మ వేసి అమ్మే సబ్బులు కూడా ఉంటాయి. మన రాపూరు, ఉదయగిరి కొండల్లో పెరిగే ఎర్రచందనానికి వాసనే ఉండదు, దాని విలువంతా చేవలోనూ రంగులోనూ ఉంది. బొమ్మ చూసి వాసన ఊహించుకోవద్దు.

మీరు మట్టి వాసన అని పక్కన పెట్టిన వట్టివేరే నా లెక్కలో మొదటిది. చిన్నప్పుడు ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు, ఆ వాసన తెలిసినవాళ్లకు ఈ సబ్బు వేరేగా అనిపిస్తుంది. రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా దగ్గర ఖస్ అత్తరు, అంటే వట్టివేరు అత్తరే, చిన్న సీసా కొన్నా, దాని పక్కన పెట్టి చూశా. సబ్బుది కొంచెం పచ్చిగా, పొగ తగిలినట్టు ఉంది, అత్తరు తియ్యగా ఉంది. కానీ గీసుకున్నాక పటిక రుద్ది, మొహం కడుక్కుని, ఆఫీసుకు పోయి టీ తాగేదాకా ఎక్కడో సన్నగా తగుల్తూ ఉండేది ఆ సబ్బు వాసనే. మా ఆవిడ మాత్రం మీ పక్షమే. "ఏందది, పూలకుండీ కడిగినట్టు" అంటుంది.

పొగాకు వాసన సబ్బు ఒకటి ఉంటుంది, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. మా అత్తగారిది టంగుటూరు వైపు. బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టంలో, ఆకు మాగేటప్పుడు వచ్చే వాసన ఎండుగడ్డీ బెల్లమూ కలిసినట్టుంటుంది, గొంతులో పట్టుకుంటుంది. ఆ ఆశతో సబ్బు తెప్పిస్తే వెనిలా ఐస్‌క్రీం వాసన వచ్చింది. మా మామ దాన్ని చూసి, "ఇది పొగాకు వేలం కేంద్రానికి తీసుకుపోతే తిప్పి పంపిస్తారు" అన్నాడు.

మే నెలకు మాత్రం ఈ వాసనల గొడవ వదిలేసి మెంథాల్ ఉన్నదేదైనా తెచ్చుకోండి. ఇటలీ ప్రొరాసో ఆకుపచ్చ రకం యూకలిప్టస్, మెంథాల్‌తో చల్లగా ఉంటుంది. నెల్లూరు ఎండకు అది మందు.

మూడు సబ్బులనూ ఒకే నీళ్లతో పోల్చి చూడమంటే నేను చేసే పద్ధతి ఇది. బ్రష్ ఐదు నిమిషాలు నానబెట్టి, బాగా విదిలించి, సబ్బు మీద అర నిమిషం ఆపకుండా తిప్పుతా. మనవాళ్లు ఎక్కువమంది తప్పేది ఇక్కడే, సబ్బు తక్కువ, నీళ్లు ఎక్కువ. తర్వాత గిన్నెలో చెంచాడు చెంచాడు నీళ్లు కలుపుతూ, గరిటె నుంచి జారీ జారని పెరుగులా వచ్చేదాకా తిప్పి, ఫ్యాను ఆపేసి గడియారం చూస్తా. మీరు కొన్నవాటిలాంటి రకాలే నా దగ్గర ప్లాంటు నీళ్లతో ఇట్టా నిలిచాయి: వట్టివేరు 15 నిమిషాలు దాటింది, గంధం 12, నిమ్మ 5 కూడా లేదు. బోరు నీళ్లతో గంధం 4కి పడిపోయింది, వట్టివేరు 9 దాకా లాగింది. దాని వెనక సోడియం సిట్రేట్ అని రాసి ఉంది మరి.

నురగ ఎత్తు చూసి మురిసిపోకండి. రెండు వేళ్ల మధ్య రుద్దితే జారాలి. బ్లేడు ఒకసారి పోయినచోట మళ్లీ తడి చేత్తో తాకితే ఇంకా జారుడు మిగిలుండాలి. ఆ పరీక్షలో నా గంధం సబ్బు వట్టివేరును మించింది, ఎత్తులో తక్కువైనా.

కార్తీకంలో మనకు ముసురు పట్టినప్పుడు ఈ సబ్బులకు చెమట పడుతుంది, గ్లిజరిన్ గాలిలో తడిని లాగేస్తుంది. భయపడొద్దు. తడి డబ్బాకు మూత బిగించకుండా ఒక పూట ఆరనివ్వండి చాలు.

కాబట్టి గంధం సబ్బు ఉంచుకోండి, వారం రోజులు క్యాన్ నీళ్లతో వాడి చూడండి. రోజుకు ఒక గ్లాసే కదా. నిమ్మది ముందు అయిపోగొట్టండి, గడ్డానికి కాకపోతే స్నానానికి. వట్టివేరుది ఆ వాసనకు అలవాటు పడలేకపోతే పారేయొద్దు. నెలకోసారి కావలి మీదుగా ఒంగోలు పోతుంటా, స్టేషన్ దగ్గరకు వచ్చి తీసుకుంటా.