కాసులపేరులో రాజు బొమ్మ

ప్రశ్న: మా నాయనమ్మ కాసులపేరులో ఒక కాసు మీద మగమనిషి తల ఉంది. రోమన్ నాణెం కావచ్చని ఎవరో అన్నారు, కంసాలి మాత్రం కరిగించేద్దాం అంటున్నాడు. ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ముందు కరిగించడం ఆపండమ్మా. నిజం చెప్పాలంటే అది సవరను, అంటే బ్రిటిష్ వాళ్ల బంగారు నాణెం, అయ్యే అవకాశమే ఎక్కువ, మన విజయనగరం వైపు పాత కాసులపేర్లలో అవి మామూలే. తూకం చూసి తేల్చేద్దామంటే కుదరదు, ఎందుకంటే సవరను 7.98 గ్రాములు, రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలపు బంగారు నాణెం ఆరియస్ కూడా దాదాపు అంతే. తర్వాత నీరో చక్రవర్తి క్రీ.శ. 64లో ఆరియస్‌ను 7.3 గ్రాములకు దించేశాడు, ఇంకా తర్వాత కాన్‌స్టంటైన్ చక్రవర్తి తెచ్చిన సాలిడస్ అనే బంగారు నాణెం అయితే నాలుగున్నర గ్రాములే.

అంచు చూడండి. సన్నటి గాట్లు వరసగా ఉండి, ఎక్కడో ఒకచోట సంవత్సరం అంకెల్లో కనిపిస్తే సవరనే, టెన్షన్ వద్దు. రోమన్ నాణేన్ని సుత్తితో కొట్టి చేసేవారు కాబట్టి అంచు నునుపుగా, కాస్త వంకరగా ఉంటుంది, బొమ్మ ఓ పక్కకి జరిగి ఉన్నా ఆశ్చర్యం లేదు. తల మీద ఉలి గాటు ఉందా? 1898లో పుదుక్కోట్టైలో దొరికిన 501 రోమన్ బంగారు నాణేల్లో ఎక్కువ వాటికి అలాంటి గాటు ఉంది, మళ్లీ డబ్బుగా చెలామణి కాకుండా అలా చేశారని చాలామంది చరిత్రకారుల మాట.

రెండు వైపులా ఫొటోలు తీసి పురావస్తు శాఖ వాళ్లకు చూపించండి. పాలిష్ మాత్రం పెట్టించకండి, అరిగిన అక్షరాలు కూడా పోతాయి.